మూడో అంకె

రువీలో బయట నలభై ఆరు డిగ్రీలు.
లోపల నేను స్వెట్టర్ తొడుక్కుంటాను.
మస్కట్ ఎండాకాలమంటే నాకు
ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ స్వెట్టరే,
మోచేతుల దగ్గర రెండు మాసికలు.
యంత్రానికి చలి కావాలి, మాకు అలవాటైంది.
టేపులు పోయాయి. చలి మిగిలింది.

కొత్తవాళ్లు రోజూ పొద్దున నిలబడి మాట్లాడుకుంటారు.
కూర్చుంటే మీటింగు సాగుతుందట.
గోడ నిండా పసుపు చీటీలు,
ఏసీ గాలికి ఒక్కొక్కటే రాలుతుంటాయి.
పారేయాలా, అతికించాలా అని
ఊడ్చే గుణసేకర నన్నడుగుతాడు.
నాకేం తెలుసు.

మీ సర్వర్ ఎక్కడుందోయ్ అన్నాను మౌళితో.
ఎక్కడైనా ఉండొచ్చు అంకుల్.
నా దానికో తలుపుంది,
తాళంచెవి దాద్ కరీం మొలతాడుకుంటుంది.
ఆగితే?
మళ్లీ స్టార్ట్ చేస్తాం.
ఎందుకాగిందో?
స్టార్ట్ చేస్తే పోతుందంకుల్.

మేము ప్రోగ్రాం చచ్చిపోతే
శవాన్ని కాగితాల మీద పరిచేవాళ్లం,
బియ్యం బస్తా అంత కట్ట.
ఎర్ర పెన్సిలుతో, పదహారంకెల భాషలో
ఏ గడిలో ఊపిరాగిందో వెతికేవాళ్లం.
ఒక్కోసారి తెల్లారేది.
ఒకసారి రెండుసార్లు తెల్లారింది.
దొరికిందేమిటంటే, అంకె ఉండాల్సిన చోట ఖాళీ.
సున్నా వేరు, ఖాళీ వేరు.
అప్పులు చేసినవాడికి చెప్పక్కర్లేదు.

గురువారం రాత్రి కరక్ చాయ్ దగ్గర
నేనూ తారకబ్రహ్మం ఉలహన్నానూ
కుర్రాళ్లను తిట్టుకుంటాం.
తేదీ ఒకటి వేయడానికి నాలుగొందల లైబ్రరీలా,
వండిందెవరో తెలియని ఇంట్లో విస్తరేసుకున్నట్టు!
అంటాడు ఉలహన్నాన్.
తారకబ్రహ్మం చాయ్ ఊదుకుంటూ,
శతాబ్దంలో రెండంకెలు కొరుక్కుతిన్నదెవర్రా? అంటాడు.
గమ్మునుంటాం.
రెండు బైట్లు మిగిల్చి మెప్పు పొందినవాళ్లం,
ఆ డిసెంబరు చివరి రాత్రి
కేకు ముందు దొంగల్లా కూర్చున్నవాళ్లం.

పోయిన నెల కొత్త సిస్టంలో జీతాలు నడిపి చూశారు.
బర్కా రోడ్డు కూలీలు, వాదీ కబీర్ వెల్డర్లు,
పదకొండు వేల మంది, నాలుగు నిమిషాలు.
నాది రెండు గంటలు తీసుకుంటుంది.
చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను,
మనస్ఫూర్తిగానే.
తర్వాత అడుగున మొత్తం చూశాను.
నలభై ఏడు రియాళ్ల రెండొందల పదమూడు బైసాలు తక్కువ.

చుక్క తర్వాత రెండంకెలే ఉంచి
మూడోది కోసేసింది.
మనిషికి పది బైసాలు కూడా కాదంకుల్, అన్నాడు మౌళి.
ఇక్కడ రియాలుకు వెయ్యి బైసాలు.
రూపాయికి వంద చాలనుకున్న
ఏ దేశపు లైబ్రరీకి తెలుస్తుందా సంగతి?

ఆకుపచ్చ తెర మీద నా పాత లైను చూపించాను.
తొమ్మిదుల వరస, మధ్యలో ఒక వి, మళ్లీ మూడు తొమ్మిదులు.
ఆ వి ఏమిటన్నాడు.
చుక్క.
మెమరీలో చోటు తీసుకోదు.
అక్కడుందని అందరూ ఒప్పుకోవాలి, అంతే.

మౌళి పైకి జరుపుతూ పోయాడు.
నేను ఆపేలోగా
నక్షత్రం గుర్తు పెట్టిన వ్యాఖ్య ఒకటి పైకొచ్చింది.
తొంభై మూడు, నవంబరు.
మూడో అంకె మర్చిపోయాను. సరిచేశాను.
కింద నా పొడి అక్షరాలు.

ఏమీ అనలేదు.
అని ఉంటే బాగుండేది.
వెళ్లి తన కోడు దిద్దుకున్నాడు,
నాలుగు నిమిషాల ఆరు సెకన్లు,
బైసాకు బైసా సరి.

రాత్రి గుణసేకర చీపురుతో వచ్చి
నేల మీంచి తీసిన చీటీ చూపించాడు.
మూడు అంకెలు అని మౌళి దస్తూరీ.
ఇది మాత్రం అతికించు, అన్నాను.
వెనక్కి తిప్పి బొటనవేలితో రాసి చూసి,
జిగురు పోయింది సార్, అన్నాడు.