గుమ్మడికాయల కొలత

'జాతి' అన్న గడి మీద
సిరాతో అడ్డగీత కొట్టి వాడుకోమని
జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం.
కాగితం కరువు. పాత ఫారాలే దిక్కు.
నాలుగు సాయంత్రాలు కూర్చుని గీతలు కొట్టాను,
స్కేలు పెట్టి, తిన్నగా.
గీత కింద మాట కనబడుతూనే ఉంది
పల్చటి దుప్పటి కింద ఎవరో పడుకున్నట్టు.

మా మూల్‌బాఖ్‌లో ఇప్పుడెవరూ ఆ మాట అనరు.
చెడ్డమాటలన్నీ మా సైన్యంతో పాటే ఓడిపోయాయి.
రొట్టెల కొట్టులో ఒటీలియె అంటుంది గదా,
"పాపం, ఆ పిల్లకి మన చలి పడదేమో.
ఎక్కడైనా వెచ్చటి దేశానికి పంపిస్తే
దాని మంచికే కదా మాస్టారూ?"
ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు.
నేను రొట్టె చంకలో పెట్టుకుని
చిల్లర లెక్కపెట్టుకున్నాను.

ఆ పిల్ల పుట్టిందే నలభై ఆరు చలికాలంలో,
బొగ్గు లేక మేం కుర్చీలు కాల్చుకున్న రోజుల్లో.
మంచు పడితే
టోపీ తీసేసి నాలుక చాపుతుంది.
రోస్విత. గెర్లిండె కూతురు.
తండ్రి అలబామా వాడట, సైన్యంలో లారీ డ్రైవరు.
పెళ్ళికి అనుమతి అడిగిన వారంలోనే
వాళ్ళ కెప్టెన్ అతన్ని బదిలీ చేయించాడు.
గెలిచినవాళ్ళకీ
రెండు రంగులకి రెండు భోజనాల బల్లలుండేవి.
మేం గమనించాం.
గమనించి, చెప్పకూడదు గానీ,
కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

బళ్ళో మొదటిరోజు ఎవరూ వద్దనలేదు.
తల్లులు చీటీలు మాత్రం రాసి పంపారు.
ఆ వరసలో కూర్చుంటే
తమ పిల్లలకి బోర్డు సరిగా ఆనడం లేదట.
పదకొండు చీటీలు.
ఒక్క కళ్ళజోడూ లేని తరగతిలో.

సుద్దముక్క తెమ్మంటే బీరువా తెరిచింది.
అడుగు అరలో, చెల్లని దేశపటాల వెనక,
ముప్ఫై ఎనిమిదిలో నాకిచ్చిన కాలిపర్.
పీత డెక్కల్లా వంగిన రెండు ఇనుప చేతులు,
మధ్యలో మిల్లీమీటర్లు.
ఎందుకు పారెయ్యలేదని అడక్కండి.
మంచి ఉక్కు.

"ఇదేంటి మాస్టారూ?"
"గుమ్మడికాయలు కొలిచేది."
అన్నాను గానీ
నా చెయ్యి దానంతటదే
నా భుజం తడుముకుంది.

నూట పన్నెండు తలలు కొలిచాను దీంతో.
మిల్లు యజమాని కొడుకు లుట్‌విన్‌కి
కొలత బాగా వచ్చిందని చాక్లెట్ ఇచ్చాను.
వాడు డాన్ నది ఒడ్డున గడ్డకట్టి మిగిలిపోయాడు.
కొలత రాని పిల్ల ఒకతె ఉండేది.
చక్కటి దస్తూరీ దానిది.
ఫారం పూర్తిచేసి పంపింది నేనే.
ఆ ఫారం మీద
ఎవరూ అడ్డగీత కొట్టలేదు.

"ఇక్కడ గుమ్మడికాయలు లేవుగా," అంది రోస్విత.
"మీరు వంగండి."

వంగాను.
రెండు కణతల మీదా ఇనుము.
ఇంత చల్లగా ఉంటుందని నాకు తెలీదు.
నూట పన్నెండు మందిలో
ఒక్కరూ చెప్పలేదు.

ఒక కన్ను మూసి, అంకెల మీద వేలు పెట్టి
కూడబలుక్కుంటూ చదివింది.
"ఒకటి, అయిదు, ఆరు.
ఇది మంచిదేనా మాస్టారూ?"

పద్నాలుగేళ్ళ కిందటైతే
దీనికి జవాబు పట్టికలో ఉండేది,
చివరి పేజీలో, రంగు బొమ్మలతో సహా.
నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను.
ఆమె కాసేపు చూసి,
సంతలో వాళ్ళమ్మ చేసేది చూసే కాబోలు,
వేలి కణుపుతో నా నెత్తిమీద
రెండుసార్లు తట్టి
చెవి ఆనించి విన్నది.

"ఇంకా పండలేదు," అంది.

సుద్దముక్క తీసుకుని
తన బెంచీకి పోయింది.
నలుగురు పట్టే బెంచీ.
మధ్యలో కూర్చుంది.