డిక్కీలో దుకాణం

బోమాంట్, టెక్సాస్. తొంభై రెండు, ఆగస్టు.
రిఫైనరీ వాసన దిండు గలీబులోకి కూడా దూరే రోజులు.
టైర్ల కొట్టు వెనక గదిలో
మా క్లోవిస్ మామ
బట్టల అలమారాని స్టూడియో చేశాడు.
గోడలకి అమ్మమ్మ కుట్టిన అతుకుల బొంతలు,
తలుపు సందుల్లో పాత ట్యూబుల రబ్బరు.
ఫ్యాను వేస్తే మైకులో పడుతుంది,
వేయకపోతే మనిషి పడిపోతాడు.
ఫ్యాను ఆపేవాళ్ళం.

అందులో నిలబడేవాడు ఆల్విన్ రే.
పగలు టైర్లకి గాలి పెట్టేవాడు,
రాత్రి మాటలకి.
వాడి మాట చెరుకు పాకంలా
సాగి, ఆగి, మళ్ళీ తీగై
ఇక రాదులే అనుకున్నాక బీటు మీద పడేది.
టేపు న్యూయార్క్ పంపితే
ఫోనులో ఒకాయన నవ్వాడు.
ఈ యాస ఎవరికి అర్థమవుతుందయ్యా?
మా వాళ్ళకి అవుతోంది సార్, అన్నాడు మామ,
అర్థం కానిది బ్యాంకుకే.

నాకు పదకొండేళ్ళు.
క్యాసెట్ల మీద మార్కరుతో పేర్లు రాయడం నా పని,
ఒక్కోదానికి ఐదు సెంట్లు.
మూడో రాత్రి నిద్రమత్తులో
కంపెనీ పేరులో ఒక అక్షరం మింగేశాను,
నూట నలభై క్యాసెట్ల మీద.
మామ చూశాడు. దిద్దితే మార్కరు ఖర్చు.
ఇప్పటికీ కోర్టు కాగితాల్లో సైతం
మా కంపెనీ ఆ తప్పుతోనే సంతకం చేస్తుంది.

దుకాణమంటే ముదురాకుపచ్చ బ్యూక్ డిక్కీ.
షిఫ్టు విడిచే గేటు దగ్గర, కార్ వాష్ దగ్గర,
అక్కలు జుట్టు ఆరబెట్టుకునే సెలూన్లో,
ఆదివారం చర్చికి ఒక వీధి ఇవతల,
పాస్టరు గారికి కనబడకుండా
ఆయన కొడుక్కి కనబడేలా.
బేసు కొడితే నంబరు ప్లేటు పళ్ళు కొరికేది.

ఆ చలికాలం, నవ్విన కంపెనీ నుంచే మనిషొచ్చాడు.
నలభై పేజీల కాంట్రాక్టు.
బడి క్యాంటీన్లో వండే వెర్డీన్ అత్త,
పచారీ లెక్కల పక్కనే మా జమాఖర్చు రాసే అత్త,
ఒక్కో వరస కింద స్కేలు పెట్టుకుని
మూడు రాత్రులు చదివింది.
ముప్ఫై ఒకటో పేజీలో ఆగింది.
"మాస్టర్ టేపులు శాశ్వతంగా వాళ్ళవట.
శాశ్వతం అనే మాట నేను చర్చిలోనే విన్నాను.
అక్కడ కూడా ఇంత చిన్న అక్షరాల్లో కాదు."
మామ టేపులన్నీ
పాడైపోయిన ఫ్రీజరులో పెట్టి తాళం వేశాడు.

ఆల్విన్ రే మాత్రం సంతకం చేశాడు, విడిగా.
తప్పనను. వాళ్ళమ్మకి డయాలిసిస్.
రెండేళ్ళు టీవీలో
ఎవరిదో కోటు వేసుకుని
ఎవరిదో వేగంతో మాట్లాడాడు.

మా దగ్గర అప్పటికి ఏడుగురు గొంతుగాళ్ళు.
కొట్టు ముందు గది కూడా మాదే.
హ్యూస్టన్ రేడియో అర్ధరాత్రి దాటాక
మా పేరు చదివేది, తప్పుతో సహా.

ఒక సాయంత్రం బస్సు దిగి నడిచొచ్చాడు.
బూట్లు కొత్తవి. చేతిలో సంచి లేదు.
గాలి గొట్టం వైపు చూశాడు.
అలమారా వైపు చూశాడు.
మామ ఏమీ అడగలేదు.
లేచి వెళ్ళి
ఫ్యాను ఆపాడు.