బై నంబర్లు

వారాసిగూడల మా ఇల్లు ఎవ్వరికీ ఒక్కసారికి దొరకదు.
పన్నెండు, పదకొండు, నాలుగు వందల ఆరు,
బై మూడు, బై ఏ.
ఓనరు ఒక్కటే నక్షా గీయించి
ఒక ఇంటిని నాలుగు పోర్షన్లు చేసిండు.
అవే కిటికీలు, అదే ఇరుకు మెట్లు,
మీటర్లు మాత్రం వేరు.
పోస్ట్‌మన్ గాలయ్యకు ఒక్కనికే ఎరుక
బై రెండుకూ బై మూడుకూ తేడా:
బై రెండుల కుక్క ఉన్నది.

నేను చేసేది గాలయ్య పనే.
నాచారంల, జిరాక్స్ షాపు మీది అంతస్తుల,
నలభై వేల ఇండ్లకు నెట్ ఇచ్చే చిన్న కంపెనీ.
ఎవలో ఒకరు అర్ధరాత్రి ఒక పేరు కొడతరు,
బ్యాంకుదో, బస్సు టికెట్లదో, దవాఖానదో.
పేరు చెప్తే తీగకు దారి తెల్వదు.
నంబరు గావాలె.
ఆ నంబరు అడిగి తెచ్చే రిసాల్వర్లు
ఒక్క మిషన్ల నాలుగు పెట్టిన.
నక్షా ఒక్కటే, ఒక సర్వీస్ ఫైలు.
పేరు చివర ఎట్ గుర్తు,
దాని పక్కన ఒకటో, రెండో, మూడో, నాలుగో.
మిషన్ లేస్తే నాలుగూ లేస్తయి.
ఒకటి పడితే సిస్టమే లేపి నిలబెడతది,
నన్ను నిద్ర లేపకుండ.

మొన్న వాన రాత్రి, రెండూ నలభైకి,
రోజూ లెక్కనే ఒక్కొక్కటి పండుకొని లేస్తున్నయి.
మూడోది లేవలేదు.
లేపింది. పడ్డది.
లేపింది. పడ్డది.
ఐదుసార్లు, పది సెకన్లు గూడ పట్టలేదు.
తర్వాత లాగుల ఒక్క లైను,
ఇగ నాతోని కాదు అన్నట్టు.
సిస్టముకు గూడ ఓపికకు ఒక హద్దు రాసి ఉంటది,
రాసింది ఎవలో గానీ, ఇల్లు నడిపినోళ్ళే.

తప్పు నాదే.
సాయంత్రం టీ చల్లారుతున్నదని తొందరల
రెండోదాని కాయితం చూసి మూడోదానికి కాపీ కొట్టిన,
లోపల అడ్రస్ మార్చలేదు.
పాపం మూడోది పోయి రెండోదాని తలుపు కొట్టి
ఇది నా ఇల్లే అంటున్నది.
రెండోది జరగలేదు. ఎందుకు జరుగుతది?

మిగిలిన మూడూ ఊరందరి అడుగుళ్ళు మోసినయి.
టేబుల్ మీద ఫోన్ మోగలేదు.
ఉప్పల్ల గానీ, మౌలాలిల గానీ,
ఒక్క బొమ్మ గూడ ఆగి గుండ్రంగ తిరగలేదు.
ఎవలకూ తెలియనందుకే నాకు జీతం.
అయినా ఆ నిశ్శబ్దంల జరసేపు
చిన్నబోయి కూసున్న, అబద్ధమెందుకు.

ఒక్క అంకె దిద్దిన.
దిద్దితే చాలదు,
పడ్డ లెక్క తుడిచెయ్యి అని ఇంకో కమాండు కొట్టాలె,
అప్పుడుగానీ మళ్ళ ఒక అవకాశం ఇయ్యదు.
కొట్టిన.
మూడోది లేచింది,
నెత్తిల ఒక్క పేరు గూడ లేకుండ,
కొత్తగ డ్యూటీకొచ్చిన పోస్ట్‌మన్ లెక్క.
మొదటి పేరు మూడూ పన్నెండుకు వచ్చింది.
అడిగింది ఎవలో నేను రాసిపెట్టుకోను.
ఊయలలు అమ్మే దుకాణం పేరు.
దానికి తెల్వదు గద,
అన్నిటికన్న మీదికి పోయి అడిగింది,
అక్కడి నుంచి కిందికి, ఇంకా కిందికి,
రెండు వందల మిల్లీసెకన్లు.
నాకైతే చానా సేపనిపించింది.

తెల్లారి మెట్లెక్కుతుంటే
మా తలుపు సందుల కరెంటు బిల్లు.
పేరు మాది కాదు.
తడిసిన చెప్పులతోనే పోయి
పక్క తలుపు కింద జార్చిన.
కుక్క మొరిగింది.
అడ్రస్ కరెక్టే.