ఎనిమిదో పేజీ

ఆర్డీవో ఆఫీసు గోడకు అఫిడవిట్ అంటించిన రోజు
నా జిరాక్స్ మిషను చల్లారలా.
పేజీ రెండు రూపాయలు. మొత్తం ఇరవై ఆరు పేజీలు.
అన్నీ ఎవురూ అడగలా,
ఎవురికి గుచ్చుకునే పేజీ వాళ్ళడిగినారు.

ఆటో గజేంద్రకు నాలుగో పేజీ.
సొంత వాహనము: లేదు.
"నిన్న కట్టమంచి మలుపులో నన్ను గుద్దబోయిన నల్లబండి
దానంతటదే నడిచొచ్చిందా అక్కా?"

పూతలపట్టు చెరుకు రైతులు ఇద్దరు
వ్యవసాయాదాయం అంకె మింద వేలు పెట్టి
సున్నాలు ఎంచినారు, కుడి నుంచి ఎడమకు,
నమ్మలేక మళ్ళా ఎడమ నుంచి కుడికి.
"ఆరెకరాలకు ఇంతొస్తే
చల్లిన ఎరువు పేరు గూడా రాసుండాల" అని
ఒకాయన నవ్వినాడు.
రెండో ఆయన నవ్వలా.
ఆయన బెల్లం మండీలో ఇంకా తూకానికే రాలేదు.

లెక్కల అయ్యవారు వరదరాజులు సారు
పన్ను కట్టిన పేజీ ఒక్కటే తీయించుకుని
సంచిలోంచి తన ఫారం పదహారు తీసి పక్కన పరిచినారు.
చానాసేపు ఏమీ అనలా.
కళ్ళద్దాలు తుడుచుకుని,
"ఆయనకన్నా నేనే కలిగినవాణ్ణి అమ్మాయ్,
మా ఇంట్లో మాత్రం చెప్పొద్దు" అన్నారు.

పొద్దు వాలినాక దొరసామి వచ్చినాడు.
మండీలో బస్తాలు మోసే దొరసామి.
మెడ మింద బెల్లం జిడ్డు, దాన్ని వదలని ఈగ.
"ఎనిమిదో పేజీలో నా పేరుండాదంట అక్కా."

చూసినా. ఉండాది.
అభ్యర్థి అప్పులు, వరస సంఖ్య మూడు:
కె. దొరసామి, తండ్రి కుప్పయ్య, గ్రీమ్స్‌పేట.
చేబదులు. పద్దెనిమిది లక్షలు.

రెండుసార్లు చదివి వినిపించినా.
"నేనిచ్చినానా?"
"నువ్వే."
"ఎప్పుడిచ్చినా?"
ఆ గడి ఖాళీగా ఉండాది.

పింఛను ఇప్పిస్తామంటే ఆర్నెల్ల ముందు
ఆయన మనుషులకు ఆధార్ జిరాక్స్ ఒకటిచ్చినాడు.
ఆ జిరాక్స్ తీసింది నేనే.
రెండు రూపాయలు తీసుకున్నింది గూడా నేనే.

తెల్లారేసరికి ఊరు ఆయన్ని సేటూ అని పిలిచింది.
టీ కొట్టోడు గ్లాసు కడిగి మరీ ఇచ్చినాడు.
అంగడి మునిరత్నం బియ్యం అరువు ఆపేసినాడు,
"లక్షలు బదులిచ్చేవాడివి
ఐదు కిలోలకు నా ముందర నిలబడతావా!"
బామ్మర్ది మాట్లాడ్డం మానేసినాడు,
"మాయమ్మ ఆపరేషనుకు ఐదువేలు లేవన్నావే!"
రాత్రి పండుకున్నాక
పెండ్లాం సెల్వి మెల్లగా అడిగిందంట,
"వడ్డీ ఎంతకు మాట్లాడినావు?"

పన్ను ఆఫీసోళ్ళు వస్తారేమోనని
వీధిలో జీపు ఆగితే చాలు
దొరసామి గోడ పక్కకు జరిగేవాడు.
ఎవురూ రాలా.
అంత పెద్ద అప్పిచ్చినోడి ఇల్లు
ఏ ఆఫీసుకూ కనపడలా.

ఐదేండ్లు పోయినాయి.
నీవా ఏటికి ఒక్కసారి నీళ్ళొచ్చినాయి, పోయినాయి.
నేను మిషను మార్చినా. పేజీ మూడు రూపాయలైంది.
మళ్ళా గోడ, మళ్ళా జిగురు,
ఈసారి ముప్పై ఒక్క పేజీలు.
సొంత వాహనము: ఈసారీ లేదు.

జిగురు ఆరకముందే వచ్చినాడు దొరసామి.
వీపు ఇంకొంచెం వంగింది.
ఎనిమిది చూసినా, తొమ్మిది చూసినా,
అప్పుల గడి యాడికి జరిగిందో అని పన్నెండు దాకా వెతికినా.

"నీ పేరు లేదు దొరసామీ."
"అంటే?"
"తీర్చేసినారు."

ఆయన చొక్కా జేబు మింద చెయ్యి పెట్టుకున్నాడు,
బీడీకట్ట, బస్సు టికెట్టు,
నాకివ్వడానికి తెచ్చిన మూడు రూపాయలు.
నేను తీసుకోలా.

"అంతా ఒక్కసారేనా అక్కా," అన్నాడు,
"లేకపోతే కంతుల మింద ఇచ్చినారా?"