రిమ్ము పడ్డ చోటు

మొదటి రోజు మాస్టారు
పాత సైకిల్ రిమ్ము ఒకటి పట్టుకొచ్చాడు.
కళ్లు మూసుకుని వెనక్కి విసరమన్నాడు.
విసిరింది నేనే.
ఎర్రమట్టి మీద దొర్లి దొర్లి
ఎవరిదో లేఅవుటు రాయిని గుద్దుకుని పడుకుంది.
"లోపలేముందో లెక్కెట్టండి."
గరిక రెండు పోచలు.
మేక పెంటికలు ఐదు.
వయ్యారిభామ ఒక్కటి, నిండు పూత మీద.
మిగతాదంతా నేల,
మాడిన పెనం అడుగులా పెచ్చుకట్టి.

నోటుబుక్కులో రాశాను.
పదో తరగతి తప్పినదాన్ని.
కొత్తరాళ్లవలసలో ఆ మాత్రం చదువుకే
పుస్తకం నా చేతికొచ్చింది.

తౌడు మావ పొట్ట పట్టుకుని నవ్వాడు.
"గొడ్డుకి కాపలా కాసినాం గానీ
గెడ్డికి కాపలా ఏటే పిల్లా?
మెట్టని తినీసినవి గొడ్లేనంట,
మళ్లీ ఆ గొడ్లే బాగుసేత్తాయంట!"

మాస్టారు చెప్పింది చిన్న మాటే.
చెదరనివ్వకండి, ఒక్క మందగా నడపండి.
మూడ్రోజులు ఒక మడి,
ఆ తర్వాత రెండు నెలలు అటు చూడకండి.
గిట్టలు పెచ్చు విరగ్గొడతాయి,
పేడా ఉచ్చా అక్కడే పడతాయి,
పైన వాన ఉంది.

నవ్వినంతసేపు నవ్వి
కత్తులు తీసుకుని పులికంప నరికాం.
నరికిన కంపే దడి అయింది.
మేకలు నూట పద్నాలుగు, గొర్రెలు అరవై,
ఆవులు ముప్పై, అందరూ నాది కాదన్న
కుంటి దున్న ఒకటి.
వంతుల కోసం దెబ్బలాటలయ్యాయి.
ఈరయ్య రెండు వారాలు రాలేదు.

మా దిగువనే గోస్తనీ.
ఆవు పొదుగు పేరు పెట్టుకున్న ఏరు,
వేసవిలో పిండితే ఇసకే.
ఆదివారాలు విశాఖ నుంచి కార్లొస్తాయి,
మెట్ట మీద నిలబడి
ఇక్కడ హాలు, ఇక్కడ వంటిల్లు అని
చేతులు చాపి చూపించుకుని పోతారు.
ఆ వంటింట్లోనే మా నాలుగో మడి.

ఇక నా సంగతి.
శ్రావణంలో మా ఎర్రావు ఈనింది.
పాలు దిగలేదు.
దూడ కుమ్మీ కుమ్మీ నా వైపు చూసేది.
ఆరో మడిలో అప్పటికి నలభై రోజుల గడ్డి,
చీకట్లోనూ వాసన తెలిసిపోతోంది.
దడిలో రెండు మండలు లాగాను.
ఆవు తల పెట్టింది.
పర్రుపర్రుమని
కొత్త బట్ట చింపుతున్న చప్పుడు.
మా ఆవు నేలని నాకే చప్పుడే
అప్పటిదాకా నాకు తెలిసింది.
చాలనడానికి నోరు రాలేదు.

తెల్లారి పైడమ్మ అడిగింది,
"ఎవులిదీ గిట్ట?"
గిట్ట పక్కనే నా చెప్పు అచ్చు.
పుస్తకం నా చంకలోనే ఉంది.
రాశాను:
గేదెల గౌరమ్మ. ఆరో మడి. వంద రూపాయలు.
మా ఇంటిపేరు చూసి ఎవరో కిసుక్కుమన్నారు.

తౌడు మావ మాత్రం నవ్వలేదు.
మేసిన చోట గొంతుక్కూర్చున్నాడు.
ఒక మోడు పట్టుకుని లాగాడు,
రాలేదు.
రెండు చేతులా లాగాడు.
"ఏర్లున్నాయే దీనికి" అన్నాడు,
ఎవరో మోసం చేసినట్టు.
కాసేపటికి మొలలోంచి నోటు తీసి
"వంద నానిత్తాను.
బుక్కులో మట్టుకు నీ పేరే ఉండాల."

మొన్న మళ్లీ విసిరాం.
గరిక పందొమ్మిది. చెంగలి నాలుగు.
వయ్యారిభామ ఒకటి ఇంకా ఉంది, పొగరుగా.
రాయి పక్కన జానెడు మేర
ఇప్పటికీ బోడిగానే ఉంది.
ఇంకొకటుంది, సన్నగా, ఊదారంగు కంకితో.
మాస్టారికీ తెలియలేదు.
తౌడు మావ దాన్ని కొరికి చూశాడు.
"సిన్నప్పుడు దీన్లో పడుకునీవోళ్లం.
పేరుండాలి... నోటిదాకా వచ్చి పోతంది."

పుస్తకంలో ఒక గీత ఖాళీగా వదిలాను.
ఆయన మంద వెనక నడుస్తున్నాడు,
నడుస్తూ ఒక్కో పేరూ పైకి అని చూస్తున్నాడు,
కాదని తల అడ్డంగా ఊపుకుంటున్నాడు.