రాయలచెరువు రోడ్డు గేటు

ఫాదర్, పాపసంకీర్తనం చేసి పదకొండు నెలలైంది.
దొంగతనం చేయలేదు.
ఒక వాక్యం రాసినాను, అంతే:
పద్దెనిమిది నిమిషాలు దాటితే పన్నెండు రూపాయలు కోత.

కొర్లగుంటలో మేడమీద మూడు గదుల కంపెనీ నాది.
నూట నలభై మంది తిండి సంచులు మోస్తారు.
వాళ్ళను కూలీలనం, భాగస్వాములంటాం.
అన్నిటా భాగస్వాములే, లాభంలో తప్ప.

జాలీ అవతల ఆయన దగ్గినాడు.
"ఎవరి కూలి కోసినావు?"
నేను కోయలేదు ఫాదర్, సిస్టం కోసింది.
"అదే వీధిలో ఉంటుంది? రమ్మను,
దాని పాపసంకీర్తనం కూడా వింటాను."

నోరు పెగల్లేదు కాసేపు.
తర్వాత సవరిముత్తు సంగతి చెప్పినాను.
గేటు పడి ఉంటే
కడ్డీ కింద దూరి బండి ఈడ్చినాడు, గూడ్సు కూతేస్తుంటే.
చావలేదు.
మోకాలి చిప్ప, వేడి సాంబారు, రెండూ రోడ్డు పాలు.
కస్టమరు ఒక్క స్టారు ఇచ్చినాడు.
ఆ రాత్రే అతని ఐడీ మూతపడింది.
నేను మూయలేదు, అనబోయి
ఆగినాను.

పది మంగళవార్త జపాలతో పోతుందనుకున్నా.
"శుక్రవారం పోయి ఆ గేటు దగ్గర నిలబడు,
ఏడు నుంచి తొమ్మిదిదాకా. జపాలు తర్వాత."

నిలబడినాను.
ఐదుసార్లు పడింది గేటు.
మా మ్యాపులో అక్కడ గేటే లేదు,
నీలి గీత పట్టాల మీదుగా తిన్నగా పోతుంది.
నెరసిన మీసాల మనిషొకాయన, వీపున మా సంచి,
"కొత్తా?" అన్నాడు.
అవునన్నాను. అబద్ధం కాదు.
"గేటు పడినప్పుడు ఫోను చూడొద్దు నాయనా,
చూస్తే దూరాలనిపిస్తుంది."

చిన్నప్పుడు జ్ఞానోపదేశం తరగతిలో చెప్పేవాళ్ళు,
ఎగ్గొట్టిన కూలి అరుస్తుందని,
ఆ అరుపు దేవుడి చెవిదాకా పోతుందని.
ఇక్కడ ఎవరూ అరవడం లేదు.
హ్యాండిళ్ళ మీద ఎర్రబడిన ఫోన్లు
ఒకదాని వెనక ఒకటి సన్నగా బీప్ అంటున్నాయి,
రైలు వచ్చి ఆ చప్పుడూ మింగేసింది.

ఆ రాత్రి నా వాక్యం కింద ఇంకొకటి రాసినాను:
గేటు పడితే గడియారం ఆగాలి.

పొద్దున్నే హేమాద్రి ఫోను. డబ్బు పెట్టినవాడు.
"నెలకు లక్షా ఎనభై వేలు పోతుంది, ఎవరిస్తారప్పా?"
లెక్క తప్పు కాదు. నాకూ అంతే వచ్చింది.
సాయంత్రం మాట్లాడదామన్నాను,
ఏం మాట్లాడాలో తెలియకుండానే.

సవరిముత్తు ఐడీ తెరిచి పెట్టినాను.
పేరు పక్కన చుక్క ఇంకా బూడిద రంగులోనే ఉంది.
టీ చల్లారిపోయింది.
వస్తాడో, రాడో.