చుక్కల గీత

ఉట్రెక్ట్‌లో ఈ ఉదయం నా పని
రెండు దేశాలకు రెండు రంగులు వెతకడం.
ఎరుపు ఎవరికిచ్చినా నేరం మోపినట్టుంటుంది.
తుర్క్‌మెనిస్తాన్‌కి ఇటుక రంగు ఇచ్చి, తీసేసి,
చివరికి పసుపు ఇచ్చాను.
నార్వేకి బూడిద కలిసిన నీలం.
పదిహేనేళ్ల మీథేన్.
గొట్టాల కీళ్లలోంచి, బావుల మూతుల్లోంచి
ఎవరికీ అమ్ముడుపోకుండా జారుకున్నది,
రంగులేనిది.
దానికి నేను రంగు వేస్తున్నాను.

పసుపు గీత ముకుతాడు తెంచుకుని దూకుతుంది.
నీలం గీత
ఇస్త్రీ చొక్కా మడతలా అడుగునే పడుకుంటుంది.
పక్క బల్ల రూబెన్ కాఫీ కప్పుతో వంగి చూసి
"ఇంకేముంది చెప్పడానికి" అన్నాడు.

ఎడారి మీద చాలా రోజులు మబ్బుండదు.
ఉపగ్రహం ఆ ఇసుకని
అరచేతిలా చదువుకుంటుంది.
ఉత్తర సముద్రం మీద మబ్బు.
మబ్బు లేని రోజున
నీళ్లు వెలుతుర్ని మింగేసి మాట్లాడవు.
చలికాలం సంగతి సరేసరి.
అక్కడి లెక్క అక్కడివాళ్లే రాసి పంపుతారు.
నిజాయితీగానే రాస్తారు. తూర్‌ఫిన్‌ని నేనెరుగుదును,
ఉప్పుగాలిలో కెమెరా భుజాన వేసుకుని
ఒక్కో బోల్టు ముందూ మోకాళ్లూనే మనిషి.
ఒకసారి రాశాడు:
"చూసినవే రాశాను. చూడని మెట్ల కింద ఏముందో
నీకెంత తెలుసో నాకూ అంతే."
ఆ వాక్యానికి గ్రాఫులో చోటు దొరకలేదు.

పసుపు గీత ఒక ఏడాది దగ్గర
నిచ్చెన వేసినట్టు నిటారుగా లేచింది.
కారణం రాయమంటారు, పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో.
కాస్పియన్ గట్టుకు ఇవతల ఒంటెలు కాసే ఒరజ్‌గుల్
ఎవరో విద్యార్థికి చెప్పిన మాటలు
నా దగ్గర నాలుగు పేజీలున్నాయి.

దూరంగా ఒక గొట్టం కొసన మంట ఉండేదట,
ఆమె పుట్టకముందు నుంచీ.
రాత్రిళ్లు ఒంటెలు దాన్ని చూసి దారి పట్టేవి.
ఆమె పెద్దకొడుకు ఆ వెలుతుర్లోనే కూడికలు నేర్చాడు.
పొగ మీద ఎవరైనా ఫిర్యాదు చేశారో,
పైనుంచి మాటొచ్చిందో,
ఒక గాలి రోజుల్లో దాన్ని ఆర్పేశారు.
"మంచిదే అనుకున్నాం, ఆరేసిన బట్టలకి మసి తగ్గింది.
కానీ చీకట్లో ఆ గొట్టం బుస కొడుతూనే ఉంది.
ఒంటెలు అటు పోవడం మానేశాయి.
నా కొడుక్కి మాత్రం
తారాజువ్వలు లేని ఆకాశం కొత్తగా నచ్చింది,
నక్షత్రాలు లెక్కపెట్టేవాడు."

మంట ఆరింది, గీత లేచింది.
మండుతున్నన్నాళ్లూ మసి కనబడేది,
తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.
ఇదంతా చిన్న అక్షరాల్లో ఎలా పడుతుంది?
"మంట ఆర్పివేత" అని రాశాను.
రెండు మాటలు.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది, గ్రోనింగెన్ నుంచి.
మా కాళ్ల కింద గ్యాస్ తోడిన ఏళ్లలో
నేల దులపరించుకుంటే
వంటింటి గోడ పగిలింది.
ఆ పగులు కొస దగ్గర అమ్మ పెన్సిలుతో తేదీ వేస్తుంది.
కదిలితే ఇంకో తేదీ.
మధ్యలో తను ఆస్పత్రిలో ఉన్న ఆరు వారాలకీ
తేదీ లేదు, ఒక ప్రశ్నార్థకం ఉంది.
"ఆ గ్యాసు మీదే నీకు పాలు కాచాను, యిట్స్‌కె,"
అంటుంది, గోడని తిట్టబోయి ఆగి.
నా గ్రాఫులో మా దేశం లేదు.
ఎవరూ అడగలేదు.

ఫోన్ పెట్టేసి
మబ్బున్న నెలలన్నిట్లో
నీలం గీతని చెరిపి చుక్కలు పెట్టాను.
ఇసుక తుఫాను కప్పిన రెండు వారాలు
పసుపుకీ అంతే.
చుక్కకీ చుక్కకీ మధ్య తెలుపు ఎంతుండాలో
నియమమేదీ లేదు. కొంచెం ఎక్కువే ఉంచాను.

రూబెన్ మళ్లీ వచ్చాడు.
"నీ గీత చిరిగినట్టుంది."
"చిరిగే ఉంది" అన్నాను,
"ఇన్నాళ్లూ ఇస్త్రీ చేస్తున్నాం."